పెరటి తోట పెరుమాళ్ళ సొత్తు

తిరుమల యాత్రకు వచ్చిన భక్తులు మహాద్వారమును దాటి శ్రీవారి ఆలయములో ప్రవేశించునప్పుడు వారి దృష్టి అంతయు లోపలి ఆనందనిలయముమీదనే యుండును. గోవింద నామములు పలుకుచు జనసమ్మర్దములో ముందునకు సాగువారికి ప్రక్కగోడను చూచు తీరిక ఉండదు. కాని ఆ మహాద్వారము కడ, కుడివైపు గోడకు, ఒక ఇనుప గునపము వ్రేలాడుచుండును. లోపలి మంటపమున శ్రీకృష్ణదేవరాయలు ఇరువురు దేవేరులతో చేతులు జోడించి నిలిచియున్నాడు. ఏడు పర్యాయములు ఈ కొండకు వచ్చి స్వామికి అమూల్యాభరణములను సమర్పించిన చక్రవర్తి ఆయన. అట్టి చక్రవర్తుల ఖడ్గములలో ఒక్కటియు ఈ ద్వారమున వ్రేలాడుట లేదు. మట్టి త్రవ్విన ఒక తోటమాలి గునపమునకు ఆ గౌరవము దక్కినది.

దేవదేవుని వాకిట తోటపని పనిముట్టునకు ఇంతటి స్థానమేల కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్న గృహస్థునకు తన యింటి పెరటి మూల ఆనించియున్న గునపమునకు గల విలువయు తెలియును.

అనంతాళ్వారుల తోట

భగవద్రామానుజులు శ్రీరంగమున శిష్యులకు తిరువాయ్మొళిని ఉపదేశించుచుండ, తిరువేంగడమున స్వామికి జరుగవలసిన పుష్పకైంకర్యమును గూర్చిన ప్రసంగము వచ్చినది. ఆ కాలమున తిరుమల దట్టమైన అరణ్యము. చలి అధికము, నివాసము దుష్కరము. అట్టి చోట నిలిచి, తోట పెంచి, నిత్యము పూమాలలు సమర్పించువారు గోష్ఠిలో ఎవరైన కలరా యని ఆచార్యులు అడిగిరి. అనంతాళ్వారులు లేచి ఆ యాజ్ఞను శిరసావహించిరి. భార్యతో గూడ కొండకు చేరి, అడవిని చదునుచేసి, ఆచార్యుల పేరనే ఒక నందనవనమును నాటిరి. తోటకు నీరు కావలెను గనుక ఒక చెరువు త్రవ్వ మొదలిడిరి. ఆయన గునపముతో మట్టి పెల్లగించును. నిండు గర్భిణి యైన ఇల్లాలు ఆ మట్టిని తట్టలకెత్తుకొని మోసి దూరమున పోయును.

ఆమె శ్రమను చూచి ఒక బాలుడు వచ్చి తానును మట్టి మోసెదనని అడిగెను. అనంతాళ్వారులు అంగీకరింపలేదు. ఇది తనకు ఆచార్యులు అప్పగించిన కైంకర్యము. దానిలో పరులకు పాలు లేదని ఆయన నిశ్చయము. బాలుడు ఊరకుండక, ఆయన కంటబడకుండ, దారి మలుపున ఆ తల్లి చేతి తట్టను అందుకొని మోయుచుండెను. భార్య ఇంత త్వరగా తిరిగి వచ్చుట చూచి ఆయనకు అనుమానము కలిగినది. సంగతి తెలిసి కోపముతో బాలుని వెంబడించి చేతిలోని గునపమును విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలినది. బాలుడు పరుగెత్తి ఆలయములోనికి పోయి అదృశ్యుడయ్యెను. అర్చకులు చూచునప్పటికి స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండెను. అనంతాళ్వారులు పరుగున వచ్చి, జరిగినది గ్రహించి, విలపించుచు ఆ గాయమునకు పచ్చకర్పూరము నద్దిరి. నేటికిని స్వామి గడ్డమున కర్పూరము అలంకరింపబడుచున్నది. ఆ గునపమే మహాద్వారమున నున్నదని సంప్రదాయము చెప్పుచున్నది.

భక్తులు ఈ కథను స్వామి వాత్సల్యమునకు నిదర్శనముగా చెప్పుకొందురు. అది సత్యమే. ఇందు గృహస్థునకు మరియొక పాఠము కూడ కలదు. అనంతాళ్వారులయందు సోమరితనము లేదు, స్వార్థము లేదు. ఫలాపేక్ష యంతకన్న లేదు. ఉన్నదొక్కటే: ఈ సేవ నాది యను తలంపు. స్వామికి తోటలోని పూవులన్నియు ఇచ్చుటకు సిద్ధపడిన మహనీయుడు, అదే స్వామి పిల్లవానివలె వచ్చి ఒక మట్టితట్ట అడిగినప్పుడు ఇవ్వలేకపోయెను. ఇల్లు, పొలము, ధనము నావి కావని విడిచినవారికి గూడ చేసిన సేవ నాదియను భావము విడుచుట కష్టము. మమకారము చివరిసారిగా దాగుకొను చోటు అదియే. గోడనున్న గునపము లోనికి పోవు ప్రతి భక్తునకు దీనినే గుర్తుచేయుచున్నది.

స్వామి ఆ భక్తుని విడువలేదు. ఏటేట బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు భాగ్ సవారి యను ఉత్సవమున స్వామియే అనంతాళ్వారుల తోటకు వేంచేయును. ఇతరులను తోటలో చేయి పెట్టనీయని భక్తుని తోటకు స్వామియే ప్రతివత్సరము అతిథియై వచ్చుచున్నాడు. తోట ఎవరిదో ఇంతకన్న స్పష్టముగా చెప్పనక్కరలేదు.

పెరటినుండియే పూజ

వైష్ణవ సంప్రదాయములో తోటపని తక్కువ పనిగా ఎన్నడును ఎంచబడలేదు. శ్రీవిల్లిపుత్తూరున పెరియాళ్వారులు, అనగా విష్ణుచిత్తులు, తులసీవనమును పెంచి వటపత్రశాయికి మాలలు కట్టి సమర్పించిరి. ఆండాళ్ తల్లి ఆయనకు లభించినది ఆ తులసిమొక్కల నీడలోనే. ఈ తండ్రీకూతుండ్ర చరితమునే రాయలవారు తెలుగున ఆముక్తమాల్యదగా రచించిరి. శ్రీరంగమున తొండరడిప్పొడి యాళ్వారులు, అనగా విప్రనారాయణులు, రంగనాథునికై పూలతోట పెంచుటనే జీవితముగా చేసికొనిరి. వేదాంతము నెరిగిన ఈ మహనీయుల చేతులకు మట్టి యంటియుండెడిది.

గీతలో తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు తనకు భక్తితో సమర్పింపదగినవానిగా ఆకును, పూవును, పండును, నీటిని పేర్కొనెను. ఈ నాలుగును బజారున కొనవలసినవి కావు. సామాన్య గృహస్థుని పెరటిలో లభించునవి. బంగారము లేనివాడు సేవకు దూరము కాకూడదనియే ఆ కరుణామూర్తి ఈ ఏర్పాటు చేసెను. అందువలన పెరడు గల గృహస్థుడు, పెరడు లేక మేడపై నాలుగు కుండీలు మాత్రమే గల గృహస్థుడు కూడ, తన శక్తికొలది ఈ నాలుగింటిని సమకూర్చుకొనుట కైంకర్యమే యగును.

పరుల పూవు

ఇచట ఒక విషయమును దాచక చెప్పవలసియున్నది. తెల్లవారుజామున స్నానము చేసి, నుదుట తిరుమణి ధరించి, చేత సంచితో బయలుదేరి, వీధిలోని యిండ్ల ప్రహరీగోడలపై వంగిన కొమ్మల పూవులను యజమాని లేవకముందే కోసికొనిపోవువారు ప్రతి యూరిలోను కలరు. దేవునికే గదా యని వారు సమాధానము చెప్పుకొందురు. అడుగక తీసికొనినది ఎవరికి సమర్పించినను అడుగక తీసికొనినదే. ఆ పూవుతోబాటు దానిని పెంచినవారి మనస్తాపము కూడ స్వామి పాదములకడకు చేరును.

అయితే తప్పు ఒకవైపుననే లేదు. కోసినవానిని శపించుచు, గోడపై గాజుపెంకులు నాటి, కొమ్మను నరికివేయు యజమానియు ఆలోచింపవలెను. అతని చెట్టు పూచినది అతని ఆజ్ఞచేత కాదు. సూర్యరశ్మి, వాన, తేనెటీగ, వీనిలో ఏ ఒక్కదానికిని అతడు వెల చెల్లింపలేదు. తిరుమలలో పూచిన పూవు స్వామికే గాని మానవులు ధరించుటకు గాదను నియమము కలదు. కొండపై స్త్రీలు సిగలో పూవులు ముడువరు. ఆ నియమము వెనుకనున్న భావమును ఇంటికి తెచ్చుకొన్నచో, తీసికొనువాడు అడిగి తీసికొనును. కలవాడు గోడవతలి కొమ్మను ఇరుగుపొరుగు పూజకై విడిచిపెట్టును. ఇద్దరిలో ఎవ్వరును దొంగ కారు, ఎవ్వరును యజమానియు కారు.

పత్రము

పెరటిలో మొదట నాటవలసినది తులసి. ఆకుపచ్చని లక్ష్మీతులసియైనను, నల్లని కృష్ణతులసియైనను, నీరు నిలువని చోటున, ఎండ తగులు చోటున బాగుగ పెరుగును. వెన్నులు వచ్చి గింజకట్టిన పిమ్మట మొక్క ముదిరి ఆకు సన్నగిల్లును. కావున వెన్నులను లేతగా నున్నప్పుడే గిల్లుచుండవలెను. కొన్నింటిని మాత్రము ఎండనిచ్చి గింజ తీసి దాచవలెను. తులసి రెండు మూడేండ్లకు ముసలిదగును. అంతలోపల ప్రక్కన పిల్లమొక్క సిద్ధముగ నుండుట గృహిణి నేర్పు. ద్వాదశినాడు తులసి కోయరాదని పెద్దల కట్టడి. ఆనాటికి ముందురోజుననే దళములు కోసి ఉంచుకొందురు. నిత్యము కోయు మొక్కకు ఒకనాడు విశ్రాంతి దొరకుట కూడ ఇందలి మేలు.

తరువాతిది కరివేప. ఒకసారి నాటుకొన్నచో తరముల పర్యంతము ఆకు నిచ్చును. మొదటి రెండేండ్లు నిదానముగ పెరుగును గాన తొందరపడి ఆకు దూయరాదు. పిమ్మట రెబ్బలు ఒక్కొక్కటిగా పీకుటకన్న లేత కొమ్మను కత్తిరించుట మేలు. కత్తిరించిన చోట రెండు కొమ్మలు పుట్టును. పెద్దచెట్టు వేళ్ళనుండి పిలకలు లేచును. వానాకాలమున వానిని వేరుతోగూడ తీసి వేరొక చోట నాటవచ్చును.

తమలపాకు తీగ నీడను కోరును. అవిసె చెట్టును ముందు నాటి, దానిపై తీగను ప్రాకించుట మన రైతుల పద్ధతి. అవిసె తీగకు ఆసరాయు నీడయు ఇచ్చును. దాని ఆకు, పూవు కూరకు పనికివచ్చును. బచ్చలితీగ, దొండతీగ, పొన్నగంటికూర, ఇవి గింజకై వెదకనక్కరలేనివి. ఒక తీగముక్కయో కాడయో తడినేలలో గ్రుచ్చిన చాలును. మడుల గట్లపై చేమ, పసుపు, నీడ పట్టున కంద యుండిన ఇంటికి కూరల కొరత యుండదు.

మునగను కొన్ని శ్రీవైష్ణవ గృహములలో నివేదనకు వాడరు. అది వారి ఆచారము. ఐనను ఆ చెట్టు పెరటిలో ఉండదగినదే. చేయి మందము గల కొమ్మను నాటిన ఏడాది తిరుగకముందే కాయవచ్చును. దాని ఆకున కంటికి మేలుచేయు పోషకములును ఇనుమును సమృద్ధిగ నున్నవని వైద్యులు చెప్పుచున్నారు. కొమ్మ పెళుసు, గాలికి విరుగును. వానాకాలమున గొంగళిపురుగులు పట్టుట కలదు. కావున ఇంటికిని పొరుగువారి గోడకును ఎడముగా నాటవలెను. కాపు ముగిసిన పిమ్మట కొమ్మలు నరికినప్పుడు వానిని పారవేయక అడిగినవారికి ఇచ్చినచో ప్రతి కొమ్మయు ఒక యింట చెట్టగును.

పుష్పము

నందివర్ధనము, మందారము, మల్లె, సన్నజాజి, సంపెంగ, పొగడ, ఇవి ఒకసారి వేళ్ళూనిన పిదప ఏండ్ల తరబడి పూయును. మరువము, దవనము మాలలకు పరిమళము నిచ్చును. గన్నేరు పూవు పూజకు వాడుక గలదే గాని దాని ఆకు, కొమ్మ, గింజ సర్వమును విషము. పసిపిల్లలు, పశువులు తిరుగుచోట దానిని నాటకుండుటయే క్షేమము. పూజకు కోయు పూవులపై, నోటికి పోవు ఆకులపై పురుగుమందు చల్లుట ఎంతమాత్రము తగదు. వేపగింజల కషాయము, చేతితో పురుగులను ఏరివేయుట, ఇంటి పెరటికి చాలును.

పారిజాతమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. నేల రాలిన పూవు పూజకు తగదందురు. పారిజాతమునకు మాత్రము ఆ నిషేధము లేదు. రాత్రి విచ్చి, తెల్లవారునప్పటికి తానే రాలును. క్రింద శుభ్రమైన వస్త్రము పరచియుంచి, రాలిన పూవులను ఏరుకొందురు. ఈ చెట్టుకడ కోయుట లేదు, ఇచ్చుట మాత్రమే యున్నది. అడుగకముందే విడిచిపెట్టిన ఈ పూవునే స్వామికి ప్రీతియని పెద్దలు భావించుటలో ఆశ్చర్యము లేదు.

ఫలము

అరటిని గృహస్థునకు గురువు అనవచ్చును. ఒక అరటి బోదె ఒక్కమారే గెల వేయును. గెల దిగిన పిమ్మట ఆ బోదె నశించును. కాని అంతకు ముందే దాని మొదట పిలకలు పుట్టియుండును. వెడల్పాకుల పిలకకన్న సన్నని కత్తివంటి ఆకులు గల పిలక బలమైనది. అట్టిదానిని ఒక్కదానిని ఉంచి తక్కినవానిని తీసివేయవలెను. అన్నింటిని ఉంచినచో తల్లియు సరిగా గెల వేయదు, పిల్లయు ఎదుగదు. తీసిన పిలకలను పొరుగువారికి ఇచ్చుట పల్లెలలో అనాదిగ నున్నది. ఆకు భోజనమునకు, పండు నివేదనకు, పూవు, ఊచ కూరకు, బోదె పండుగనాటి ద్వారమునకు. తనకని ఏమియు మిగుల్చుకొనక, వంశమును మాత్రము మిగుల్చుకొనిపోవు చెట్టు ఇది.

దేశవాళీ కొబ్బరి నాటిన ఆరేడేండ్లకు కాపునకు వచ్చి అరువదేండ్లకు పైగా కాయును. నడివయస్సులో కొబ్బరిమొక్క నాటువాడు ఆ చెట్టు చివరికాయను తాను చూడనని తెలిసియే నాటును. ఇంటికప్పుపై, నడచుదారిపై కాయ రాలకుండునట్లు తగినంత ఎడముగ నాటుట అవసరము.

ఇక ఉసిరి. కార్తీకమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు చేయుదురు. క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ నుంచి పూజింతురు. అంటుమొక్క నాలుగైదేండ్లకు, గింజమొక్క ఏడెనిమిదేండ్లకు కాయును. అయితే ఎందరో గృహస్థులు తమ పెరటి ఉసిరి పూయుచున్నను కాయుటలేదని విచారపడుచుందురు. కారణమేమన, ఉసిరి తన పుప్పొడితో తాను సరిగా కాయదు. సమీపమున వేరొక రకపు ఉసిరిచెట్టు ఉండి, తేనెటీగలు దాని పుప్పొడిని తెచ్చినప్పుడే కాపు నిండుగ నుండును. పెరడు చిన్నదైన రెండు చెట్లకు చోటుండదు. ఒకరి పెరటిలో ఒకటి, పొరుగువారి పెరటిలో వేరొకటి నాటుకొన్నచో రెండిండ్లకును కాయలు కలుగును. పొరుగువానితో పలుకక, పెరటిచుట్టు గోడ పెంచుకొన్నవానికి ఉసిరి కూడ సరిగా ఫలింపదు. భాగవత గోష్ఠి లేక ఒంటరిగ మోక్షము కోరుట ఎట్టిదో ఈ చెట్టు మాటలు లేకయే చెప్పుచున్నది.

తోయము

వేసవిలో నీటికొరత గల ఊళ్ళలో తోట పెంచుట ఎట్లని కొందరు సందేహింతురు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, సబ్బు కలియని స్నానపునీరు, ఇవి పెరటికి పోవునట్లు కాలువ తీసినచో అరటికిని చేమకును వేరుగ నీరు పోయనక్కరలేదు. మొక్క మొదట ఎండుటాకులు మందముగ పరచిన నేల తడి ఆరదు. సున్నము పూయని మట్టికుండను మెడవరకు మొక్క ప్రక్కన పాతి, నీరు నింపి మూత పెట్టిన, కుండ గోడలనుండి చెమ్మ కొద్దికొద్దిగ ఊరి వేరునకు అందును. తొలకరి పడినప్పుడు నాటిన మొక్క వానలోనే వేళ్ళూనును గాన ఆషాఢ శ్రావణములు నాటుటకు అనువైనవి.

పూజలో వాడిన తులసిని, పూవులను మురుగుకాలువలో వేయుట దోషము. పూర్వము తిరుమలలో స్వామి నిర్మాల్యమును ఆలయములోని పూలబావిలో వేసెడివారు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2021లో వాడిన పూవులతో అగరువత్తులు చేయించుట ప్రారంభించిరి. గృహస్థుడు పెరటిలో కాలు తగులని మూల ఒక చిన్న గోయి తీసి, నిర్మాల్యమును అందు వేసి, పలుచగ మన్ను కప్పుచుండవలెను. కొన్ని నెలలకు అది మంచి ఎరువగును. దానిని తిరిగి తులసికిని మందారమునకును వేయవచ్చును. మట్టినుండి వచ్చిన పూవు స్వామి పాదములను తాకి, తిరిగి మట్టిగా మారి, మరల పూవగును. ఈ చక్రములో మానవుని పాత్ర మోసి యిచ్చుటయే.

గోడకు అవతల

పల్లెలలో వినవచ్చు ముచ్చట నొకదానిని ఇచట దృష్టాంతముగ గ్రహింపవచ్చును. ఒక యింట తండ్రి గతించిన పిమ్మట అన్నదమ్ములు ఆస్తి పంచుకొనిరి. పెరడు నడుమ గోడ లేచినది. తండ్రి నాటిన కరివేపచెట్టు గోడకు రెండు మూరల దూరమున పెద్దవాని వంతునకు వచ్చినది. తల్లి పెద్దవాని ఇంటనే యుండెను. పంపకమునాటి మాటలు మనస్సులలో గ్రుచ్చుకొనియుండుటచే రెండిండ్ల నడుమ రాకపోకలు నిలిచినవి. చిన్నకోడలు కరివేపాకును సంతలో కొనుచుండెను. తల్లి ఒకనాడు రెండు రెబ్బలు కొంగున కట్టుకొని వీధి చుట్టి చిన్నయింటికి పోబోగా, పెద్దకోడలు, "పంపకం అయ్యాక ఎవరి చెట్టు వారిదే గదా, అత్తయ్యగారూ!" అనెను. తల్లి ఏమియు పలుకక రెబ్బలను తిరిగి పళ్ళెములో పెట్టెను.

ఆ యేటి వానలకు చిన్నవాని పెరటిలో, గోడ ప్రక్కనే, ఒక లేత మొక్క తలయెత్తినది. అది కరివేప. పెద్దచెట్టు వేరు పునాది క్రిందుగ ప్రాకి అవతల పిలక వేసినది. చిన్నవాడు దానిని చూచి పౌరుషపడెను. వారి చెట్టు వేరు తన భూమిలో ఉండుట అతనికి సరిపడలేదు. గునపము తెచ్చి పెల్లగింప సిద్ధపడెను. సంగతి విని తల్లి వీధి చుట్టి వచ్చి ఆ మొక్క ప్రక్కన కూర్చుండెను.

"నాయనా, ఈ చెట్టు నాటిననాడు మీ నాన్నగారు ఏమన్నారో గుర్తుందా? పెరుమాళ్ళ పులిహోర తాలింపుకి ఇక నుంచి మన పెరటి రెబ్బే వేయాలి అన్నారు. పెద్దవాడికని అనలేదు, నీకని అనలేదు. గోడ మీరు కట్టుకున్నారు. ఆ సంగతి వేరుకు ఎవరు చెప్పారు?"

చిన్నవాని చేతిలోని గునపము దిగినది. పెద్దవాడు గోడకు అవతలనుండి ఈ మాటలు వినుచునే యుండెను. మరునాడు ఏకాదశి, ఆ మరునాడు ద్వాదశి. ద్వాదశి పారణనాడు తల్లి ఆ పిలకనుండి ఒక్క రెబ్బను, పెద్దచెట్టునుండి ఒక్క రెబ్బను కోసి, రెండును ఒకే తాలింపులో వేసి, స్వామికి పులిహోర నివేదించి, ప్రసాదమును రెండిండ్లకును పంచెను. పెద్దకోడలు తానే ఆ గిన్నెను తీసికొని చిన్నయింటి గడప నెక్కెను. గోడ కూలలేదు, పంపకము మారలేదు. కాని ఆనాటినుండి ఆ యిండ్లలో ఎవరి యింట కరివేపాకు నిండుకొన్నను రెండవ యింటి పెరటికి పోయి కోసికొనుట వాడుక యైనది.

తిరుమలలో గునపము ఒక బాలునిపైకి విసరబడి స్వామికి గాయము చేసినది. ఈ పెరటిలో గునపము ఒక పిలకపై పడకముందే ఆగినది. రెండుచోట్లను దానిని ఎత్తించినది ఒకే మాట: నాది.

గృహస్థులు చేయదగినది

తోట పెంచువారు ఆరంభముననే ఒక సంకల్పము చేసికొనుట మంచిది. మొక్కను గోతిలో ఉంచునప్పుడు ఇది పెరుమాళ్ళ సొత్తు, దీనిని కాపాడు పని మాత్రము నాకు అప్పగింపబడినది యని తలంపవలెను. మొదటి ఆకు, మొదటి పూవు, మొదటి కాయ స్వామికి సమర్పింపవలెను. ఇంటికి కావలసినంత వాడుకొని మిగిలినదానిని అడిగినవారికి, అడుగుటకు సిగ్గుపడువారికి ముందుగ, ఇవ్వవలెను. బాలింతయున్న యింటికి మునగాకు, దగ్గుతో బాధపడు వృద్ధునకు తులసి, పెండ్లియింటికి తమలపాకు, ఇవి పంపునప్పుడు లెక్క వ్రాయరాదు. పిల్లలచేత ఒక్కొక్క మొక్కనైన నాటింపవలెను. తాను నాటిన చెట్టు కాయను ఇతరులు తినుట చూచి సంతోషించిన బాలునకు దానధర్మములను వేరుగ బోధింప నక్కరలేదు.

పట్టణములలో మేడలపై నివసించువారు తమకు భూమి లేదని నిరాశపడవలదు. ఒక కుండీలో తులసి, ఒక పెద్ద తొట్టిలో కరివేప, వరండా కమ్మీలపై దొండయో బచ్చలియో ప్రాకుట అసాధ్యము కాదు. తొట్టి అడుగున నీరు పోవుటకు రంధ్రములుండవలెను. ఏడాదికొకమారు పైమన్ను తీసి క్రొత్త ఎరువు వేయవలెను. తొట్టి ఎంత చిన్నదైనను దాని తులసిని ప్రక్కవాటావారు అడిగి కోసికొను చనువుండినచో అది అనంతాళ్వారుల నందనవనములోని ఒక మడియే యగును.

ఈసారి తిరుమలకు పోవు యాత్రికులు మహాద్వారమున ఒక్క క్షణము తలయెత్తి ఆ గునపమును దర్శింతురు గాక. లోపల స్వామి గడ్డమున తెల్లని కర్పూరమును చూచినప్పుడు, సహాయము చేసెదనని వచ్చిన బాలుని స్మరింతురు గాక. ఇంటికి తిరిగివచ్చి పెరటిలో ఒక మొక్క నాటునప్పుడు, పొరుగింటి బాలుడు వచ్చి నీళ్ళచెంబు అడిగినచో, కాదనక అతని చేతికి ఇత్తురు గాక. ఆ చేయి ఎవరిదో ముందుగా ఎవరికి తెలియును?

శ్రీనివాసుని కృపచేత ప్రతి వైష్ణవ గృహమున తులసి పచ్చగనుండి, ఉసిరి నిండుగ కాచి, ఇరుగుపొరుగుల నడుమ ఆకును, పూవును, పండును, నీరును ఎల్లవేళల ప్రవహించుచుండు గాక!